గుర్రాల్ని హైదరాబాద్ డ్రెస్సేజ్ పోటీకి తీసుకెళ్లే ముందు

డ్రెస్సేజ్ అంటే గుర్రం చేత నేర్పిన అడుగులు, కదలికలు చేయించే పోటీ. భీమవరం నుంచి హైదరాబాద్ దగ్గర దగ్గర 400 కిలోమీటర్లండీ, కాబట్టి ముందు గుర్రాల్ని ఎక్కించే ట్రైలర్ అడుగు చూడండి, గుర్రాల సంగతి తర్వాత. మన డెల్టాలో తేమ ఎక్కువ, పైగా ఉచ్చ పడీ పడీ రబ్బరు మ్యాట్ కింద చెక్క పైకి బానే కనపడతా లోపల మెత్తబడిపోద్ది. మ్యాట్ పూర్తిగా ఎత్తి స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి, పోయినేడు మా ట్రైలర్‌లో మూలన గుచ్చితే వేలెడు లోతు దిగిపోయింది, అక్కడే గుర్రం వెనక్కాలు పడేది, తల్చుకుంటే ఇప్పటికీ వణుకొస్తది. ప్రయాణం ఆపేసి చెక్క మార్పించాం.

టైర్ల పక్కల పగుళ్లు, స్టెప్నీ గాలి, బ్రేక్ లైట్లు, సేఫ్టీ చైన్లు చూస్కోండి.

లాడాలు వారం ముందే కొట్టించండి, బయల్దేరే రోజు వద్దు. గ్లాండర్స్ (గుర్రాలకొచ్చే అంటురోగం) టెస్టుకి రక్తం ముందుగానే ఇవ్వండి, రిపోర్టు రావడానికి టైం పడుద్ది. హెల్త్ సర్టిఫికెట్ డ్రైవర్ చేతికందేలా పెట్టండి.

తల పైకి బిగించి మాత్రం కట్టొద్దండీ, ప్లీజ్. తల కిందకి దించితేనే ముక్కులోంచి దుమ్మూ చీమిడీ బయటికొస్తాయి, లేకపోతే ఊపిరితిత్తులకి పట్టేసి షిప్పింగ్ ఫీవర్ (దూర ప్రయాణంలో ఊపిరితిత్తులకొచ్చే జబ్బు) వచ్చుద్ది. మూడు నాలుగు గంటలకోసారి ఆపి తాడు వదులు చేసి నీళ్లు పెట్టండి, కొత్త నీళ్లు వాసన చూసి మొహం తిప్పేసే గుర్రాలుంటాయి, అందుకే ఇంటి నీళ్లే క్యాన్లలో పట్టుకెళ్లండి. దారిలో ఎండుగడ్డి చాలు, దాణా తగ్గించండి, కడుపునొప్పి రాకుండా ఉంటది.

ఎండాకాలమైతే రాత్రి ప్రయాణమే మేలు. దిగాక రెండు మూడు రోజులు పొద్దునా సాయంత్రం టెంపరేచర్ చూడండి, 102 ఫారెన్‌హీట్ దాటితే జీను వెయ్యకుండా డాక్టర్ని పిలవండి.