ముందురోజు వండిన గుండిగ: ఫుట్‌బాల్ జట్టు విందుకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

డాలస్ ఉత్తర శివార్లలోని ఒక హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు సీజన్ ముగింపు విందు జరిగిన మర్నాడు, ఆ జట్టు పిల్లల్లో చాలామంది మెలిపెట్టే కడుపునొప్పితో, విరేచనాలతో బడికి వెళ్లలేకపోయారన్న వార్త ఈ వారమంతా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. కారణం తేలకముందే తీర్పులు వచ్చేశాయి. మయొనైజ్ కలిపిన సలాడ్ వల్లనేనని కొందరు, బార్బెక్యూ దుకాణం వల్లనని కొందరు, ఇండియన్ కుటుంబాలు తెచ్చిన కూరల్లోని కారం వల్లనని మరికొందరు రాశారు. కారం తిన్నవారికి నోరు మండవచ్చునేమో గాని, జట్టులో సగం మంది ఒకే రాత్రి మంచం పట్టరు. అలా జరిగిందంటే ముందుగా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ వంట ఎప్పుడు వండారు, వండిన తరువాత అది ఎంతసేపు ఎక్కడ ఉంది?

టెక్సస్‌లో జిల్లా స్థాయి మ్యాచులు నవంబరు మొదట్లో ముగుస్తాయి. ఆ తరువాత జరిగే నాకౌట్ పోటీలైన ప్లేఆఫ్స్‌లో నిలిచిన జట్లు ఒక్కొక్కటిగా వెనుదిరుగుతుండగా, చివరిదాకా మిగిలినవి డిసెంబరులో ఆర్లింగ్టన్‌లోని ఏటీ అండ్ టీ స్టేడియంలో ఫైనల్స్ ఆడతాయి. తమ జట్టు ఎప్పుడు ఓడిపోతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు కనుక విందు తేదీ తరచుగా హడావుడిగా ఖాయమవుతుంది. ఎక్కువ విందులు డిసెంబరు, జనవరి నెలల్లోనే పడతాయి. పెద్ద మొత్తంలో వండిన మాంసం వల్ల వచ్చే ఒక రకం ఆహార విషం కూడా నవంబరు, డిసెంబరు నెలల్లోనే ఎక్కువగా బయటపడుతుందని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చాలాకాలంగా చెబుతోంది. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ వంటి చోట్ల మన పిల్లలు కూడా హెల్మెట్ పెట్టుకుని మైదానంలోకి దిగుతున్నారు, మన తల్లిదండ్రులు జట్టుకు సాయపడే బూస్టర్ క్లబ్బుల్లో చేరుతున్నారు, విందు అనగానే మనవారు రెండు ట్రేల చికెన్ బిర్యానీ తామే తెస్తామని ముందుకు వస్తున్నారు. అది సంతోషించవలసిన విషయమే. అయితే పాతికమందికి వండిన అలవాటుతో మూడువందల మందికి వండడం ప్రమాదకరం.

చేతులు కడుక్కోవడం, పచ్చి మాంసం కోసిన పలకను కడగడం, హాలు ముందుగా మాట్లాడుకోవడం వంటివి ఇక్కడ రాయడం లేదు. అవి అందరికీ తెలిసినవే. నేను చూసినంతలో విందులను పాడుచేసిన తప్పు ఒక్కటే. ముందురోజు సాయంత్రం పెద్ద గుండిగలో వండుతారు, ఆవిరి తగ్గేవరకు మూతపెట్టి స్టవ్ మీదనో గరాజ్‌లోనో వదిలేస్తారు, పడుకోబోయే ముందు అదే గుండిగను ఫ్రిజ్‌లోకి ఎత్తుతారు, మర్నాడు పైపైన వేడిచేసి హాలుకు తీసుకువెళతారు. ఇందులో ఏ ఒక్క అడుగూ చూసేవారికి తప్పుగా కనిపించదు. వంట బాగా ఉడికింది, ఫ్రిజ్‌లో పెట్టారు, మళ్లీ వేడిచేశారు. అందుకే వండినవారు తమ వంట వల్ల ఎవరికైనా జబ్బు చేసిందంటే నమ్మలేరు.

లోపల జరిగేది వేరు. క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి మాంసంలోనూ పప్పుల్లోనూ విత్తనాల వంటి గట్టి రూపంలో ఉంటుంది. మరిగించినా ఆ రూపం చావదు. పైగా ఉడకడంతో దానికి పోటీగా ఉండే ఇతర సూక్ష్మజీవులు చనిపోతాయి, గుండిగ అడుగున గాలి ఉండదు, అది మొలకెత్తడానికి కావలసినదంతా సమకూరుతుంది. సుమారు 110 నుంచి 117 డిగ్రీల ఫారెన్‌హైట్ మధ్య (ఇక్కడ రాసిన డిగ్రీలన్నీ ఫారెన్‌హైట్‌లోనే), అంటే వేలు పెడితే బాగా వెచ్చగా తగిలే వేడిలో, అది పది నిమిషాలకోసారి రెట్టింపు కాగలదు. ఆ లెక్కన మూడు గంటల్లో ఒక్కటి రెండున్నర లక్షలు దాటుతుంది. తిన్న 6 నుంచి 24 గంటల లోపల కడుపులో మెలికలు, విరేచనాలు మొదలవుతాయి. జ్వరం, వాంతులు సాధారణంగా ఉండవు. చాలామందికి ఒక రోజులో తగ్గిపోతుంది. వయసు మళ్లినవారికి, అప్పటికే అనారోగ్యంతో ఉన్నవారికి అలా తగ్గకపోవచ్చు, ఇలాంటి విందులకు తాతలు, అమ్మమ్మలు కూడా వస్తారు.

1993 మార్చిలో క్లీవ్‌లాండ్ నగరంలో సెయింట్ పాట్రిక్స్ డే సందర్భంగా ఒకే దుకాణం నుంచి కొన్న కార్న్‌డ్ బీఫ్ తిని జబ్బుపడ్డామని 156 మంది ఆరోగ్యశాఖకు తెలిపారు. ఆ మాంసాన్ని రోజుల ముందే ఉడికించి, గది వేడిలో చల్లారనిచ్చి, ఫ్రిజ్‌లో పెట్టి, పండుగనాడు 120 డిగ్రీల దగ్గర మాత్రమే వెచ్చగా ఉంచి అమ్మారు. 2010 మే నెలలో లూయిసియానాలోని ఒక ప్రభుత్వ మానసిక వైద్యశాలలో 42 మంది రోగులు, 12 మంది సిబ్బంది జబ్బుపడగా ముగ్గురు రోగులు చనిపోయారు. అక్కడ వడ్డించిన చికెన్‌ను సుమారు 24 గంటల ముందు వండి, సరైన పద్ధతిలో చల్లార్చకుండా ఉంచారు. రెండు చోట్లా మాంసం బాగానే ఉడికింది. పాడైంది చల్లారేటప్పుడు.

కనుక మొదటి మాట: ముందురోజు గుండిగలో వండవద్దు. విందు రోజునే వండి, పొయ్యి మీద నుంచి దించిన వేడితోనే హాలుకు చేర్చగలిగితే ఈ గొడవ చాలావరకు ఉండదు. అలా కుదరక ముందురోజే వండవలసి వస్తే చల్లార్చడాన్ని కూడా వంటలో ఒక భాగంగా భావించి, దానికి మనిషిని, సమయాన్ని కేటాయించాలి. అమెరికాలో హోటళ్లకు సూచించే లెక్క ఇది: 135 డిగ్రీల నుంచి 70 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కడినుంచి 41 డిగ్రీలకు మరో నాలుగు గంటల్లో దిగాలి. ఎనిమిది అంగుళాల లోతు గుండిగను అలాగే ఫ్రిజ్‌లో పెడితే దాని నడిమి భాగం చల్లబడడానికి ఒక రోజు దాకా పట్టవచ్చు. ఈలోగా అది పక్కనున్న పాలను, పెరుగును కూడా వెచ్చబరుస్తుంది. కూరను గాని, బిర్యానీని గాని, పప్పును గాని రెండు అంగుళాల మందానికి మించకుండా వెడల్పాటి ట్రేలలో పరిచి, మూత పూర్తిగా మూయకుండా, ఒకదాని మీద ఒకటి పేర్చకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి. పులుసు, గ్రేవీ వంటివైతే గిన్నెను ఐసు నీళ్ల తొట్టిలో నిలబెట్టి కలుపుతూ చల్లార్చవచ్చు. ఇంటి ఫ్రిజ్‌లో ఇన్ని ట్రేలకు చోటు లేకపోతే అంత వంట ఒప్పుకోకూడదు. ఆ మాట బూస్టర్ క్లబ్బు సమావేశంలోనే చెప్పడం మర్యాద.

మర్నాడు వేడిచేసేటప్పుడు నడిమి భాగం 165 డిగ్రీలకు చేరాలి. ఆవిరి కనిపించిందని ఆపకూడదు. ట్రే అంచులు బుడగలు వేస్తున్నప్పుడు నడుమ ఇంకా చల్లగానే ఉంటుంది. పదిహేను ఇరవై డాలర్లకు దొరికే పుల్ల థర్మామీటర్‌ను నడుమ గుచ్చి చూడడం తప్ప వేరే దారి లేదు.

అన్నం విషయం ఇంకా కఠినమైనది. వండిన అన్నం గది వేడిలో ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే మరో సూక్ష్మజీవి పెరిగి, వాంతులు కలిగించే విషాన్ని విడుస్తుంది, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. గంటలకొద్దీ గరాజ్‌లో ఉన్న బిర్యానీని ఓవెన్ బాగుచేయలేదు. పారవేయాలి.

హాలులో జరిగే పొరపాటు కూడా దీని తమ్ముడే. స్టెర్నో అనే చిన్న ఇంధనపు డబ్బాల మంట మీద, నీళ్ల పళ్లెంలో ట్రేను నిలబెట్టే చేఫింగ్ డిష్ వేడిని నిలపగలదే గాని, చల్లటి ఆహారాన్ని వేడిచేయలేదు. కింది పళ్లెంలో మరిగిన నీళ్లు పోసి, 165 డిగ్రీలకు వేడెక్కిన ట్రేను దానిలో దించి, ఆపైన 140 డిగ్రీలకు తగ్గకుండా చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం కార్యక్రమ వరుస. ఆరు గంటలకు ట్రేల మీద రేకులు తీసి, ముందు ప్రార్థన, ఆపైన వీడియో, ఆపైన ఒక్కొక్క సీనియర్ ఆటగాడి గురించి కోచ్ మాటలు, అవార్డులు పూర్తయిన తరువాత వడ్డన అనుకుంటే, ఎనిమిదిన్నరకు పిల్లలు పళ్లేలు పట్టుకునేసరికి ఆ ఆహారం ఎంత వేడిగా ఉంటుందో ఆలోచించండి. భోజనం ముందు, అవార్డులు తరువాత. ఇందులో కోచ్‌కు అభ్యంతరం ఉంటే నెమ్మదిగా కారణం వివరించండి. ఆయన ఒప్పుకోకపోతే రేకులు విప్పవద్దు, ట్రేలను ఓవెన్‌లోనే ఉంచండి.

డిసెంబరే కదా, బయట చలిగానే ఉంటుంది కదా అనుకోవద్దు. ఉత్తర టెక్సస్‌లో డిసెంబరు మధ్యాహ్నం 70 డిగ్రీలు దాటిన రోజులు ఉంటాయి, కారు డిక్కీ అంతకన్నా వెచ్చగా ఉంటుంది. గరాజ్ అనేది ఫ్రిజ్ కాదు.

అలర్జీల విషయంలో మనవారు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి, ఎందుకంటే మన వంటల్లో ఉన్నవి చూసేవారికి కనిపించవు. కూర చిక్కబడడానికి నూరి వేసిన జీడిపప్పు, పులిహోరలోని వేరుశనగలు, తాలింపులోని నెయ్యి, పొడుల్లోని నువ్వులు మనకు మామూలే. అమెరికా చట్టం ప్రధాన అలర్జీ కారకాలుగా గుర్తించిన తొమ్మిదింటిలో పాలు, వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు ఉన్నాయి, 2023 జనవరి 1 నుంచి నువ్వులు కూడా చేరాయి. ప్రతి ట్రే ముందు దానిలో ఏమున్నదో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. అందులో గొడ్డుమాంసం, పందిమాంసం ఉన్నాయా అన్నది కూడా రాయాలి. శాకాహార ట్రేకు వేరే గరిటె, దూరంగా వేరే బల్ల. "కొంచెమే వేశాం" అన్న మాట అలర్జీ ఉన్న పిల్లవాడికి పనికిరాదు.

మిగిలినవి వరుసగా రాస్తున్నాను.

ఎవరు ఏమి తెస్తారో, ఎక్కడ ఎప్పుడు వండుతారో ఒక కాగితం మీద రాయించుకోండి. "ముందురోజు" అని రాసినవారికి ఫోన్ చేసి ఎలా చల్లార్చుతారో అడగండి. జవాబు తడబడితే వారిని కాగితం పళ్లేలు, నీళ్ల సీసాలు తెమ్మనండి.

బార్బెక్యూ బ్రిస్కెట్‌ను (గొడ్డు ఛాతీ మాంసాన్ని) మధ్యాహ్నం తెచ్చి సాయంత్రందాకా బల్ల మీద ఉంచవద్దు. విందుకు గంట ముందు తీసుకురండి.

రైతా, దద్దోజనం, క్రీమ్ కేకులు ఐసు మీద ఉండాలి, 40 డిగ్రీలు దాటకూడదు.

వడ్డనకు ఇద్దరు పెద్దలు నిలబడాలి. నూరుమంది ఆటగాళ్లకు స్వయంగా వడ్డించుకోమని గరిటె ఇవ్వవద్దు.

వేలు తెగినవారు, వారం లోపల విరేచనాలైనవారు వంటలోకి, వడ్డనలోకి రావద్దు.

సగం ఖాళీ అయిన ట్రేలో కొత్త ఆహారం పోయవద్దు. ట్రేనే మార్చండి.

రెండు గంటలు బయట ఉన్న ఆహారాన్ని డబ్బాల్లో పెట్టి పిల్లల చేతికి ఇవ్వవద్దు. వృథా అవుతుందని బాధపడేవారికి చెత్తడబ్బాను మీరే చూపించండి.

అవార్డు గ్రహీతల పేర్ల ఉచ్చారణ ముందురోజే కనుక్కోండి. మన పిల్లల పేర్లు వేదిక మీద ముక్కలు కాకూడదు. ఫ్రెష్‌మెన్ (తొమ్మిదో తరగతి) జట్టు జాబితా మరిచిపోవద్దు.

టెక్సస్‌లో బడుల ఆటల పోటీలను నడిపే యూఐఎల్ సంస్థ నిబంధనలు ఆటగాళ్లకు ఇచ్చే బహుమతుల విలువకు పరిమితి పెడతాయి. అథ్లెటిక్ డైరెక్టర్‌ను అడగకుండా ఏదీ కొనవద్దు.

డబ్బు ఒక్కరి చేతిలో ఉంచవద్దు. రసీదులకు ఇద్దరు సంతకం చేయాలి.

ఇంటికి ఎవరు ఎవరితో వెళుతున్నారో తేల్చుకున్న తరువాతే హాలు తాళం వేయండి. టెక్సస్‌లో 18 ఏళ్లలోపు ప్రొవిజనల్ లైసెన్సు ఉన్నవారు కుటుంబం బయటి 21 ఏళ్లలోపు వారిని ఒక్కరికి మించి ఎక్కించుకోకూడదు. అర్ధరాత్రి దాటాక నడపకూడదు. జట్టులోని భారీకాయులైన లైన్‌మెన్ అయిదుగురు ఒకే కారులో ఇరుక్కోవడం చూస్తే ఆపండి.

మరొకసారి: గుండిగను అలాగే ఫ్రిజ్‌లో పెట్టవద్దు. గరాజ్‌లో చల్లార్చవద్దు. స్టవ్ మీద మూతపెట్టి పడుకోవద్దు. మీ అత్తగారు నలభై ఏళ్లుగా అలాగే చేస్తున్నారని చెప్పవద్దు. ఆవిడ వండింది ఇంటిల్లిపాదికి, అదీ ఆ పూటకే.

ఇంత చేసినా మర్నాడు ఇద్దరు ముగ్గురికి కడుపు చెడిందని తెలిస్తే, ఆ ఆహారం ఇంకా ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే పారవేయవద్దు, దాని మీద పేరు రాసి ఫ్రిజ్‌లో ఉంచండి, ఎవరూ దాన్ని తినకుండా చూడండి. మీ కౌంటీ ఆరోగ్యశాఖకు ఫోన్ చేసి, ఎవరెవరు ఏమి తిన్నారో, ఎన్ని గంటలకు బాధ మొదలైందో రాసి ఇవ్వండి. వాట్సాప్‌లో ఎవరి వంటనూ నిందించవద్దు. విరేచనాలలో రక్తం కనిపించినా, జ్వరం 102 డిగ్రీలు దాటినా, నీళ్లు నిలవక వాంతులవుతున్నా, మూత్రం తగ్గినా ఆ పిల్లవాణ్ణి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి.