పెదవి ఆగాక వినిపించిన మాట

40 నిమిషాల ఇంటర్వ్యూ: రెండు కెమెరాలు, ఒక ఫోన్. కలపడానికి గుర్తుగా మొదట్లో కొట్టిన చప్పట్ల దగ్గర మూడు క్లిప్‌లనీ కలిపితే అతికినట్టు సరిపోయాయి. చివరికొచ్చేసరికి ఫోన్ క్లిప్‌లో పెదవులు ఆగాక మాట వినిపిస్తోంది! ముక్కలు కోసి జరుపుతూ ఓ రాత్రంతా పాడుచేసుకున్నాను.

తీరా చూస్తే ఫోన్ వేరియబుల్ ఫ్రేమ్ రేట్‌లో, అంటే సెకనుకి తీసే ఫ్రేముల (బొమ్మల) సంఖ్య మారుతూ ఉండేలా తీసింది. సెకనుకి 30 ఫ్రేములని పేరే గానీ, మధ్యమధ్యలో తగ్గుతూ పెరుగుతూ ఉంది. వీడియోలను మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ క్లిప్‌ను కాన్‌స్టంట్ (మారకుండా ఉండే) 30 ఫ్రేములకి, ఆడియోను 48 కిలోహెర్ట్జ్‌కి మార్చి మళ్లీ చప్పట్ల దగ్గర కలిపాను. ఈసారి చివరిదాకా కుదిరింది.

దూరంగా పెట్టిన కెమెరాలో శబ్దం మాత్రం బొమ్మకి ఒక ఫ్రేమ్ వెనకే ఉంది. అది లోపం కాదు, శబ్దం 11 మీటర్లు నడిచి రావడానికి పట్టే టైమ్. దాని ఆడియో మ్యూట్ చేసేశాను.