పొడవు జుట్టు కత్తిరించుకునే ముందు పార్లర్‌లో ఏమి చెప్పాలి

నా జడ నడుము దాటి జానెడు ఉంటుంది. ఎనిమిదేళ్ల క్రితం, చెల్లెలి పెళ్లికి పది రోజుల ముందు, తెలియని పార్లర్‌కు వెళ్లి "కొసలు చిట్లాయి, కొంచెం తీయమ్మా" అన్నాను. లేచి చూసుకునేసరికి జుట్టు నడుము దగ్గరే ఆగిపోయింది. చిట్లిన వెంట్రుక ఎక్కడిదాకా కనిపించిందో అక్కడిదాకా తీసేసింది ఆ అమ్మాయి. నా 'కొంచెం' అరంగుళం, ఆమెకు వినిపించిన 'కొంచెం' జానెడు. జుట్టు నెలకు సుమారు అరంగుళం పెరుగుతుంది. జానెడంటే తొమ్మిది అంగుళాలు, అంటే ఏడాదిన్నర పెంపకం. పెళ్లిలో పూలజడకు సవరం కలుపుకోవలసి వచ్చింది. ఆ రోజు పడ్డ బాధ ఇంకా గుర్తుంది, అందుకే ఇది రాస్తున్నాను.

తిరుమల కల్యాణకట్టలో ఆడవాళ్లు 'మూడు కత్తెర్లు' అంటే ఎవరూ మారు ప్రశ్న వేయరు. ఇచ్చేవారికీ తీసేవారికీ ఆ మాటకు ఒకటే అర్థం. పార్లర్‌లో అలాంటి మాట లేదు. కుర్చీలో కూర్చునే ముందే దాన్ని మనం ఏర్పరచుకోవాలి.

ఇప్పుడు నేను ఎంత తీయాలో చెప్పను, ఎక్కడ ఆగాలో చెబుతాను. జుట్టు విరబోసుకుని నిలబడి, వెనక్కి చేయి పెట్టి, "ఇక్కడిదాకా ఉండాలి, ఇంతకంటే పైకి రాకూడదు" అంటాను. జాకెట్టు కింది అంచు, చీర కట్టు, నడుము వంపు మంచి గుర్తులు. మోచేయి వద్దు, చేయి కాస్త కదిలినా కొలత మారుతుంది. ఆమె అదే చోట దువ్వెన అడ్డంగా పెడితే, నా ఫోనుతో వెనక నుంచి ఒక ఫోటో తీయమంటాను. అంగుళాల్లో మాట్లాడవలసి వస్తే, "అంగుళమంటే ఎంతో ఒకసారి వేళ్లతో చూపించమ్మా" అని అడగండి. రెండంగుళాలు చూపించిన వాళ్లు నాకు తగిలారు.

తల తడిపే ముందు కూడా ఆలోచించాలి. తడి జుట్టు సాగుతుంది, ఉంగరాల జుట్టు ఆరాక పైకి ముడుచుకుంటుంది. నా జుట్టు అలలుగా ఉంటుంది కాబట్టి తడిగా ఉన్నప్పటి పొడవుకూ ఆరాక ఉండే పొడవుకూ రెండంగుళాల తేడా వస్తుంది. అందుకే పొడిగానే కత్తిరించమని అడుగుతాను. తడిపే తీరాలంటే, అనుకున్నదానిలో సగమే తీయించుకుని, ఆరాక చూసి మిగతాది తీయించుకుంటాను. ముందురోజు ఇంట్లో తలంటుకుని, నూనె లేకుండా, చిక్కు తీసుకుని వెళ్తే జుట్టు అసలు తీరు ఆమెకు కనిపిస్తుంది. నూనె రాసిన తల మీద కొసల తీరు తెలియదు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట, చాలామంది చెప్పని మాట: "నేను రోజూ జడ వేసుకుంటాను." లేక, కొప్పు పెట్టుకుంటాను, విరబోసుకుంటాను. ఏదైనా సరే, అడగకముందే చెప్పాలి. ఎందుకంటే యు కట్, వి కట్, లేయర్లు అన్నీ విరబోసిన జుట్టులోనే అందంగా కనిపిస్తాయి. వి కట్‌లో మధ్య జుట్టు పొడవుగా, పక్కలు పొట్టిగా ఉంటాయి. జడ అల్లేటప్పుడు ఆ పక్కల పాయలు ముందే అయిపోయి, చివర ఎలుక తోక మిగులుతుంది. లేయర్లయితే పొట్టి వెంట్రుకలు అల్లిక మధ్యలోంచి పొడుచుకు వస్తాయి. యు కట్ కొంత నయం, అయినా వంపు లోతుగా ఉంటే పక్కల నుంచి మూడు నాలుగంగుళాలు పోవచ్చు. "వంపు తక్కువగా ఉండాలి, పక్కల జుట్టు ముందుకు వేసుకుంటే ఎక్కడిదాకా వస్తుందో చూపించు" అని అడగండి. జడ లావుగా, కొసదాకా నిండుగా కావాలంటే నా ఓటు స్ట్రెయిట్ కట్‌కే.

ఫోటో చూపించడం మంచిదే. కానీ సినిమా తారల ఫోటో వద్దు, ఆ జుట్టులో ఎంత సొంతమో ఎంత అతికించినదో మనకు తెలియదు. మీ జుట్టు మీకు నచ్చినట్టున్న రోజున వెనక నుంచి తీసిన ఫోటో, జడతో ఒకటి, విరబోసి ఒకటి, చాలు. ఇలా వద్దు అనే ఫోటో ఒకటుంటే ఇంకా త్వరగా అర్థమవుతుంది.

"జుట్టు ఒత్తుగా ఉంది మేడమ్, కొంచెం పలచన చేయనా?" అని మధ్యలో అడుగుతారు. చేతిలో పళ్ల కత్తెర ఉంటుంది. మంచి ఉద్దేశంతోనే అడుగుతారు, కానీ ఆ పళ్ల మధ్య తెగిన వెంట్రుకలు మళ్లీ జడ కొసను అందుకోవడానికి ఏళ్లు పడుతుంది. "వద్దమ్మా, మామూలు కత్తెర చాలు" అని మొదటే చెప్పేయండి.

నడుము దాటిన జుట్టును కూర్చోబెట్టి కత్తిరిస్తే కుర్చీ వీపు అడ్డొస్తుంది, నిలబడతానని చెప్పండి. రెండు కాళ్ల మీదా సమానంగా బరువు వేసి, తల నిటారుగా పెట్టాలి. ఫోను చూస్తూ తల వంచితే గీత మారిపోతుంది.

మొదటి కత్తెర పడగానే ఆ ముక్కను నా చేతిలో పెట్టమంటాను. వేలి పక్కన పెట్టి చూస్తాను. అనుకున్నంతే ఉంటే "అలాగే కానీయమ్మా" అంటాను, ఎక్కువుంటే అక్కడే ఆపుతాను. మొదట్లో ఇలా అడగాలంటే మొహమాటమేసేది. ఇప్పుడు నేను వెళ్లే అమ్మాయి, అడగకుండానే ఆ ముక్క తీసి నా అరచేతిలో పెడుతుంది.

డబ్బు ఇచ్చేముందు అక్కడే జడ వేసుకుని చూడండి. ఒకవైపు పాయ పొడవుగా మిగిలితే అప్పుడే సరిచేస్తారు. తర్వాత జడ కొస ఫోటో ఒకటి తీసి, తేదీతో పాటు, ఎంత తీశారో ఫోనులో రాసి పెట్టుకోండి. నా దగ్గర ఉన్న చివరి ఫోటో కింద "ముప్పావు అంగుళం, పొడిగా, స్ట్రెయిట్" అని ఉంది. వచ్చేసారి కుర్చీ దగ్గరికి వెళ్లగానే చూపించేది అదే.