అప్‌డేట్ నొక్కే ముందు ఆ 48 అంకెలు రాసి పెట్టుకోండి

మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం విండోస్‌కు భద్రతా అప్‌డేట్ విడుదల చేస్తుంది. మనకు అప్పటికి రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది. బుధవారం పొద్దున లాప్‌టాప్ తెరిస్తే రీస్టార్ట్ చేయమంటూ కనిపించేది అదే. రెండో మంగళవారం ఎప్పుడూ 8కీ 14కీ మధ్యే పడుతుంది. నెలనెలా జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల వివరాల జీఎస్టీ రిటర్న్, వేసేవాళ్లకు గడువు 11. లెక్కలు రాసేవాళ్లకు ఈ రెండూ ఒకేసారి మీద పడే నెలలు చాలానే ఉంటాయి. గడువున్న పని చేతిలో ఉంటే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్లి ఒక వారం ఆపండి. ఐదు వారాల దాకా ఆపుకోవచ్చు. పూర్తిగా మానేయమని మాత్రం చెప్పను, భద్రతా లోపాలను పూడ్చేది ఆ అప్‌డేట్లే.

విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి మారేవాళ్లకు కింది జాగ్రత్తలు ఇంకా ఎక్కువ అవసరం. మీ యంత్రానికి అర్హత లేదని విండోసే చెబితే దొడ్డిదారిన ఎక్కించకండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది బిట్‌లాకర్ రికవరీ కీ, అంటే డిస్క్‌కు విండోస్ వేసే తాళాన్ని తెరిచే 48 అంకెలు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టిన చాలా లాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే డిస్క్‌కు తాళం పడి ఉంటుంది. రోజూ దాని ఊసే ఉండదు. అప్‌డేట్ తర్వాత యంత్రం హ్యాంగ్ అయి, బాగు చేద్దామని సేఫ్ మోడ్‌లోకి (తప్పనిసరి భాగాలతోనే విండోస్ నడిచే పద్ధతి) వెళ్లబోతే, అప్పుడు ఆ 48 అంకెలు అడుగుతుంది. అవి లేకపోతే లోపలున్న ఫొటోలు, థీసిస్, లెక్కలు ఏవీ ఎవరూ తీయలేరు. షాపువాళ్లు కూడా తీయలేరు. ఈరోజే ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి, ఆ లాప్‌టాప్ పేరు కింద ఉన్న కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. కీని ఆ లాప్‌టాప్‌లోనే దాచుకుంటే అది తెరుచుకోనప్పుడు మీకు పనికిరాదు.

ముఖ్యమైన ఫైళ్లు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఎక్కించి, దాన్ని ఊడదీసి పక్కన పెట్టండి. సి డ్రైవ్‌లో ఇరవై, ముప్పై జీబీ ఖాళీ చేయండి. చార్జర్ పెట్టే ఉంచండి. బ్యాటరీ నిలవని పాత లాప్‌టాప్ అయితే ఇన్వర్టర్ లైన్ ఉన్న ప్లగ్గులో పెట్టండి, మధ్యలో కరెంటు పోతే ప్రమాదం. తెరమీద శాతాలు కదులుతున్నంతసేపూ పవర్ బటన్ జోలికి పోవద్దు.

అప్‌డేట్ అయ్యాక లాప్‌టాప్ నత్తనడక నడిస్తే వెంటనే కంగారు పడకండి. వెనక ఫైళ్ల సూచిక తయారవుతూ, వైరస్ తనిఖీ జరుగుతూ ఉంటుంది. పాత హార్డ్‌డిస్క్ ఉన్నవాటిలో ఇది గంటో రెండు గంటలో పడుతుంది. నిజంగా బిగుసుకుపోయిందో లేదో తెలియాలంటే క్యాప్స్ లాక్ నొక్కండి. దాని దీపం వెలిగి ఆరుతుంటే ప్రాణం ఉన్నట్టే. అప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్ కీలు పట్టుకుని బి నొక్కండి. తెర ఒక్కసారి మినుకుమని డిస్‌ప్లే డ్రైవర్ (తెరను నడిపే సాఫ్ట్‌వేర్) మళ్లీ మొదలవుతుంది. చాలాసార్లు తెర అక్కడే తేరుకుంటుంది.

దీపం కూడా కదలకపోతే పవర్ బటన్‌ను పది సెకన్లు పట్టుకుని ఆపక తప్పదు. మళ్లీ ఆన్ చేసి, లాగిన్ తెరమీద షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే మరమ్మతు మెనూ వస్తుంది. అక్కడి నుంచి సేఫ్ మోడ్‌కు వెళ్లండి. సేఫ్ మోడ్‌లో సాఫీగా నడిచిందంటే హార్డ్‌వేర్ పోయి ఉండకపోవచ్చు. అనుమానం డ్రైవర్ మీదో, వేరేగా వేసుకున్న యాంటీవైరస్ మీదో పెట్టుకోవాలి. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే, వైఫై డ్రైవర్లకు 'రోల్ బ్యాక్' (పాత డ్రైవర్‌కు తిరిగి వెళ్లే బటన్) ఉందేమో చూడండి. ఫలితం లేకపోతే మరమ్మతు మెనూలోనే చివరి అప్‌డేట్‌ను తీసేసే దారి ఉంది.

విండోస్ 10 నుంచి 11కి మారినవాళ్లకు వెనక్కి రావడానికి మామూలుగా 10 రోజుల గడువే ఉంటుంది. పాత విండోస్ అంతా సి డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. అది చాలా జీబీలు తింటుంది కాబట్టి డిస్క్ క్లీనప్‌లో తీసేయాలనిపిస్తుంది. ఆ పది రోజులూ దాన్ని ముట్టుకోకండి. రోజూ వాడే ప్రింటర్, టాలీ, డిజిటల్ సంతకం డాంగిల్, వీడియో కాల్ అన్నీ ఆ లోపే ఒకసారి నడిపి చూసుకోండి.