అరిసెలు పంచాక అసలు పని: ఏడాది నుంచి మూడేళ్ళ పిల్లలకు నడక, పరుగు చక్కగా రావాలంటే ఎలా?

బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగేస్తే అరిసెలు. పిల్లల ఒక్కో కదలికనూ ఒక్కో పిండివంటతో పండగ చేసుకునే అలవాటు మనది. కానీ అరిసెలు పంచిన మర్నాడే "అయ్యో, పడిపోతాడు" అంటూ మళ్ళీ చంకనెత్తుకుంటాం. నడక కుదురుకోవడం, పరుగెత్తడం, ఎక్కి దిగడం అన్నీ ఆ తర్వాతి రెండేళ్ళలోనే వస్తాయి. ఆ రెండేళ్ళూ వాళ్ళను నేల మీద వదలాలి.

1. ముందు ఇంట్లో చోటు చేయండి. హాల్లో టీపాయ్ ఒక పక్కకు జరపండి. వేడి గిన్నెలు నేల మీద పెట్టకండి. బాత్రూంలో బకెట్ బోర్లించే ఉంచండి, బకెట్ అడుగున కొన్ని నీళ్ళున్నా పసివాళ్ళకు ప్రాణాపాయమే. ఏడాది దాటిన పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 3 గంటలు కదులుతూ ఉండాలనీ, స్ట్రోలర్‌లోనో కుర్చీలోనో ఒకేసారి గంటకు మించి కట్టి కూర్చోబెట్టకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. 3 గంటలంటే భయపడక్కర్లేదు. గదుల్లో తిరగడం, వంగి లేవడం అన్నీ లెక్కే.

2. చక్రాల వాకర్ కొనకండి. ఎవరైనా కానుకగా ఇచ్చినా వాడకండి. అందులో పిల్లలు మునివేళ్ళతో నేలను తన్నుకుంటూ పోతారు, ఒంటి బరువు కాళ్ళ మీద మోయడం నేర్చుకోరు. దానివల్ల నడక త్వరగా రాదు. పైగా మెట్ల మీది నుంచి దొర్లిపోయే ప్రమాదం ఉంది. కెనడా 2004లో వీటి అమ్మకాన్నే నిషేధించింది. మన పాత మూడు చక్రాల చెక్క బండి ఎంతో మేలు. పిల్లలు తమంతట తామే లేచి, దాన్ని పట్టుకుని తోసుకుంటూ నడుస్తారు. బండి మరీ జారిపోతుంటే కిలో బియ్యం మూట దాని మీద కట్టండి. మీరు మాత్రం పక్కనే ఉండండి.

3. ఇంట్లో చెప్పులు, సాక్సులు వద్దు. వట్టి కాళ్ళకు నేల పట్టు తెలుస్తుంది. టైల్స్ మీద సాక్సులు జారుతాయి.

4. రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని నడిపించకండి. అలా చేస్తే ఒళ్ళు ముందుకు వాలి మునివేళ్ళ మీదికి వస్తుంది. నడుము దగ్గర తేలిగ్గా పట్టుకోండి, లేదా మంచం అంచు వెంట బొమ్మలు పేర్చి, దాన్ని పట్టుకుని పక్కకు నడవనివ్వండి. తర్వాత రెండడుగుల దూరంలో కూర్చుని చేతులు చాచి పిలవండి.

5. దిగడం నేర్పండి. ఇది చాలామంది మర్చిపోతారు. ఎక్కడం పిల్లలకు దానంతటదే వస్తుంది, దిగడం మనం నేర్పాలి. మా పాపకు మంచం మీదే మొదలుపెట్టాం. "వెనక్కి తిరుగు, పొట్ట మీద జారు, కాలు కింద పెట్టు" అని రోజూ అదే మాట. వారం రోజులు విసుగు లేకుండా చెప్పాక తనే తిరిగి దిగడం మొదలుపెట్టింది. తర్వాత మెట్లు కూడా అలాగే. మీరు ఎప్పుడూ ఒక మెట్టు కిందే నిలబడండి.

6. ఏడాదిన్నర దాటాక పని చెప్పండి. బుట్టలోంచి ఉల్లిపాయ తెమ్మంటే గొంతుక్కూర్చుని, లేచి, మోసుకుని వస్తారు. కాళ్ళకు, నడుముకు అంతకన్నా మంచి వ్యాయామం లేదు. బంతి తన్నించండి. రెండేళ్ళకు చాలామంది పరుగెడతారు, రెండున్నరకు రెండు కాళ్ళూ ఎత్తి గెంతుతారు.

పడినప్పుడు గట్టిగా అరవకండి. మన కంగారు చూసే సగం ఏడుస్తారు. తలకు దెబ్బ తగిలి వాంతులు, మత్తు ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

7. ఎప్పుడు డాక్టరును అడగాలి? పక్కింటి పిల్లాడు పదో నెలలో నడిచాడని టెన్షన్ పడకండి. 8 నుంచి 17 నెలల మధ్య ఎప్పుడు నడిచినా మామూలే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, కాన్పు కావాల్సిన తేదీ నుంచి లెక్కేయండి. 18 నెలలు నిండాక కూడా నడవకపోయినా, ఒక పక్క చెయ్యీ కాలే ఎక్కువ వాడుతున్నా, ఎప్పుడూ మునివేళ్ళ మీదే నడుస్తున్నా, వచ్చిన కదలిక పోయినా ఆలస్యం చేయకండి. అంగన్‌వాడీలో అడిగితే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఉచితంగా పరీక్ష చేయించుకునే దారి చెబుతారు. వెళ్ళేముందు ఇంట్లో బిడ్డ నడుస్తుండగా ఫోన్‌లో వీడియో తీసుకోండి, కొత్త చోట చాలామంది పిల్లలు అమ్మ ఒడి దిగరు.