లాటిన్ కావ్యాల్లోని సమాస విశేషణాన్ని విప్పి చదవడం ఎలా?

రోమన్ కవి వర్జిల్ రాసిన 'ఈనియడ్' కావ్యం మొదటి భాగం 224వ పంక్తిలో దేవతల రాజు జూపిటర్ ఆకాశం నుంచి కిందికి చూస్తుంటాడు. అతనికి కనిపించేది 'మరె వేలివొలుమ్'. 'మరె' అంటే సముద్రం. మిగిలిన పదాన్ని విప్పడానికి బడిలో నేర్చుకున్న సమాసాల పాఠం చాలావరకు సరిపోతుంది.

1. పదాన్ని విడదీయండి. 'వేలుమ్' అంటే తెరచాప, 'వొలారె' అంటే ఎగరడం. పూర్వపదం చివరి అచ్చు ఏదైనా, సమాసంలో సాధారణంగా 'ఇ'గా మారుతుంది. ఆ 'ఇ' కనిపించిన చోటే అతుకు ఉంటుంది.

2. ఉత్తరపదం ధాతువో నామమో చూడండి. 'వేలివొలుమ్'లో ఉన్నది ధాతువు కాబట్టి ఇది మన 'నిశాచర' వంటిది. 'ఔరికొముస్'లో 'కొమ' అంటే జుట్టు, అది నామం. బంగారు కేశాలు గలది అని అర్థం, అంటే బహువ్రీహి.

3. విశేష్యాన్ని పట్టుకోండి. విశేషణం లింగ వచన విభక్తుల్లో దాన్ని అనుసరిస్తుంది, కానీ రెండింటి చివరలూ ఒకేలా ఉండనక్కరలేదు. 'మరె' ఎకారాంతం, 'వేలివొలుమ్' మకారాంతం. అయినా రెండూ నపుంసకలింగం, ఏకవచనం, ద్వితీయా విభక్తే.

4. ఇప్పుడు విగ్రహవాక్యం చెప్పండి. అసలు అందం ఇక్కడే ఉంది. వర్జిల్ కంటే ముందువాడైన కవి ఎన్నియస్ ఈ విశేషణాన్ని ఓడలకు వాడాడు. ఓడలు తెరచాపలతో ఎగురుతాయి, అందులో చిక్కేమీ లేదు. సముద్రం ఎగరదు కదా! కాబట్టి 'తెరచాపలతో ఎగిరేది' అనే విగ్రహం ఇక్కడ పొసగదు. 'దేనిపై తెరచాపలు ఎగురుతాయో అది' అని చెప్పాలి. రూపం మారలేదు, విశేష్యం మారడంతో అర్థం కర్త నుంచి చోటుకు జరిగింది. అదే పంక్తిలో వెంటనే 'తెర్రాస్', అంటే నేలలు, కదలకుండా పరుచుకుని ఉన్నాయంటాడు. పైనుంచి చూసేవాడికి నీరంతా చలనం, నేలంతా నిశ్చలం. ఈ పదాన్ని ఉత్త అలంకారంగా తీసుకుంటే ఆ దృశ్యం చేజారిపోతుంది.

5. గురులఘువులు గుర్తించండి. 'వేలివొ' గురువు, లఘువు, లఘువు: భగణమే. 'ఈనియడ్' ఛందస్సుకు మూలగణం అదే. హ్రస్వమైన ఎ, ఒలు ఉన్న మన లిపి లాటిన్ మాత్రలను చక్కగా చూపిస్తుంది.

ఇలాంటి కూర్పులు గ్రీకుకు నప్పినంతగా లాటిన్‌కు నప్పవని అలంకారశాస్త్రవేత్త క్వింటిలియన్ అన్నాడు. డాల్ఫిన్లను వర్ణించిన 'రెపందిరోస్త్రుమ్' వంటి బరువైన పదం విషయంలో ఆయనతో ఏకీభవిస్తాను. 'వేలివొలుమ్' విషయంలో మాత్రం ఒప్పుకోలేను.

సాధనకు 'ఈనియడ్' పదో భాగంలోని 'కుర్రూ నొక్తివగో' తీసుకోండి. అది చంద్రదేవత రథం. 'నొక్తి' రాత్రి, 'వగ్' తిరగడం. ఇక్కడ తిరిగేది రథమే కనుక విగ్రహవాక్యాన్ని మార్చనవసరం లేదు.