దిగుడులో న్యూట్రల్ వద్దు: ఒడిశాలోని దేవమాలి, సుంకి, తప్తపాణి కొండదారుల వైపు కార్లలో వెళ్లేవాళ్లకు జాగ్రత్తలు

మొన్న కార్తీకమాసం రెండో ఆదివారం వనభోజనాలకని కొరాపుట్ జిల్లాలోని దేవమాలి కొండకు వెళ్లిన మా తోడల్లుడి కొడుకు కారు కొండ దిగుతూ గట్టుకు గుద్దుకుంది. ఏడుగురు పట్టే బండిలో పిల్లలతో కలిపి ఎనిమిది మంది ఉన్నారు. అందరి ప్రాణాలూ దక్కాయి. కోడలికి భుజం దగ్గర ఎముక విరిగింది. చిన్నదానికి నుదుటి మీద ఆరు కుట్లు పడ్డాయి.

మర్నాడు రాయగడలో షెడ్డుకు వెళ్లి ముందు చక్రం విప్పించాను. చక్రంతో పాటు తిరిగే బ్రేకు డిస్కు అంచంతా నీలం తిరిగిపోయి ఉంది, పొయ్యి మీద మరిచిపోయిన స్టీలు గిన్నె అడుగులాగా. దాన్ని అదిమి ఆపే ప్యాడ్లు గాజుపలకల్లా నున్నగా మెరుస్తున్నాయి. గోరుతో గీస్తే గోరు జారిపోయింది. మెకానిక్ బ్రేకు ఆయిల్ డబ్బా మూత తీసి వేలు ముంచి చూపించాడు. తేనె రంగులో ఉండాల్సిన ఆయిల్ కాఫీ డికాషన్‌లా నల్లగా ఉంది.

"బ్రేకులు ఫెయిలయిపోయాయి పెదనాన్నా" అన్నాడు మావాడు.

"ఏ గేరులో దిగావురా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "న్యూట్రల్లో. దిగుడే గదా, ఇంజినుకు పనేటి అనుకున్నాను. మైలేజీ వస్తాదని..." అన్నాడు.

ఆ ఒక్క ముక్క కోసమే ఇది రాస్తున్నాను. ఇప్పటినుంచి సంక్రాంతి దాకా పార్వతీపురం, విజయనగరం, శ్రీకాకుళం నుంచి కార్లు బారులు కట్టి మన కొండలెక్కుతాయి. గుణుపురం, రాయగడ, బరంపురం వాళ్లమూ ఊరికే కూర్చోం. సీటు బెల్టు, తాగి నడపకపోవడం మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. దిగుడులో బండిని న్యూట్రల్లో పెట్టకండి. ఈ మాట ఇంకా చాలాసార్లు అంటాను, విసుక్కోకండి.

ఈ తప్పు నేనూ చేశాను. 1983లో, నాకు ఇరవై మూడేళ్లప్పుడు, మా చిన్నాన్న అంబాసిడరులో. పెట్రోలు చుక్కచుక్కా లెక్కపెట్టుకునే రోజులు. ఘాటీ, అంటే కొండదారి, పైకి రాగానే గేరు తీసేసి కిందిదాకా జారిపోవడమే డ్రైవరు పనితనం అని చిన్నాన్న నేర్పాడు. కొరాపుట్ నుంచి సాలూరు వైపు దిగే సుంకి ఘాటీ జాతీయ రహదారికి అప్పట్లో 43వ నంబరు, ఇప్పుడు 26. నాలుగో మలుపో ఐదో మలుపో దాటాక బ్రేకు తొక్కితే కాలు మెత్తగా లోపలికి పోయింది. అంబాసిడరుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచిస్తుంది, లోపలినుంచి ఒత్తి ఆపే లైనరుకు అందకుండా దూరం జరుగుతుంది. రోడ్డు పనికని పోసిపెట్టిన కంకర కుప్పలోకి పోనిచ్చి బండి ఆపాను. కంకర లేని మలుపయితే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోను.

ఆ తర్వాత మలేసియాలో తొమ్మిదేళ్లు, ఒమన్‌లో పదకొండేళ్లు ఉన్నాను. మధ్యలో మా అమ్మాయి దగ్గర ఇంగ్లండులో కొన్నాళ్లు. ప్రోటాన్, కరోలా, ప్రాడో, ఇప్పుడు ఇక్కడ చిన్న మారుతి. ఎడమ చేతి దేశాల్లోనూ నడిపాను, కుడి చేతి దేశంలోనూ నడిపాను. రోడ్డు పక్కలు మారాయి గానీ కొండ దిగే పద్ధతి ఎక్కడా మారలేదు. గెంటింగ్ కొండ దిగుతుంటే మలేసియాలో బోర్డులుంటాయి, 'గునా గియర్ రెండా' అని. తక్కువ గేరు వాడమని అర్థం. ఇంగ్లండులో నిటారు దిగుళ్ల ముందు 'లో గేర్ నౌ' అని ఉంటుంది. ఒమన్‌లో జబల్ అఖ్దర్ కొండ ఎక్కాలంటే బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసులు ఆపి చూస్తారు, ఫోర్ వీల్ డ్రైవ్ కాకపోతే వెనక్కి పంపేస్తారు. ఆ బండయినా సరే, దిగేటప్పుడు గేరులోనే దిగాలి. బ్రేకు పోయిన బండి దూరి ఆగడానికి ఆ రోడ్డు పక్కన ఎత్తు మీదికి మట్టి దారులు కట్టి ఉంచారు. మన ఘాటీల్లో పక్కన లోయే ఉంది.

నేనున్న రోజుల్లో నెలకోసారైనా దిగిన ఆ గెంటింగ్ రోడ్డు మీదే 2013 ఆగస్టు 21న ఒక బస్సు లోయలో పడి 37 మంది పోయారు. మన దగ్గర 2022 మేలో గంజాం, కంధమాల్ సరిహద్దున కళింగ ఘాటీలో పశ్చిమ బెంగాల్ పర్యాటకుల బస్సు బోల్తాపడి ఆరుగురు పోయారు. బ్రేకులు పట్టలేదనే మాటే అప్పుడూ వినిపించింది.

న్యూట్రల్ ఎందుకు చంపుతుందో ఒకసారి లెక్క చూడండి. కొరాపుట్ నుంచి సాలూరు చేరేసరికి మనం 700 మీటర్ల పైన దిగుతాం. మనుషులతో కలిపి 1,300 కిలోల బండి అంత ఎత్తు దిగితే పుట్టే వేడి దాదాపు 28 లీటర్ల చన్నీళ్లను మరిగించగలదు. అంటే రెండు బకెట్లు. గాలీ రోడ్డూ కొంత తీసుకుంటాయి. మిగతాది ఎక్కడికి పోవాలి? బండి గేరులో ఉంటే ఇంజిను తిరుగుతూ చాలా భాగం అదే మింగుతుంది. న్యూట్రల్లో పెడితే మొత్తం అరచేయంత ప్యాడ్ల మీద పడుతుంది. ప్యాడు మాడి నున్నబడితే పట్టు పోతుంది. వేడి ఇంకా లోపలికి పోతే బ్రేకు ఆయిల్ మరుగుతుంది. ఆయిల్ మరిగితే పైపులో బుడగలు కడతాయి, పెడల్ తొక్కితే బుడగ నలుగుతుంది తప్ప చక్రం ఆగదు.

మైలేజీ మాటంటారా? మా చిన్నాన్న కాలంలో కార్బొరేటరు బండ్లు, అప్పుడు కొంత మిగిలేదేమో. ఇప్పటి ఇంజక్షన్ బండి గేరులో ఉండి యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే కంప్యూటరు పెట్రోలు పూర్తిగా కట్టేస్తుంది. చక్రాలే ఇంజినును తిప్పుతాయి. న్యూట్రల్లో పెట్టారో, ఇంజిను ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు పోయాల్సిందే, గంటకు అర లీటరు పైనే. అంటే న్యూట్రల్లోనే ఎక్కువ ఖర్చు. డీజిలు బండికీ ఇదే లెక్క. పెదనాన్న పాతకాలం మనిషి అనుకునే కుర్రాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. నాన్నలూ, బాబాయిలూ, మీరు నేర్పిన ఆ పాఠాన్ని మీరే వెనక్కి తీసుకోండి.

బయల్దేరే ముందు

కొత్త బండయినా పాత బండయినా మన రాయగడలో మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాకే దూరం పోతాం. చేయించండి. నేనూ చేయిస్తాను. అదే రోజు బానెట్ ఎత్తి బ్రేకు ఆయిల్ రంగు కూడా చూడండి. ఆ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టినదైతే 155 దగ్గరే మరగొచ్చు. మన వానలకు రెండేళ్లకోసారి మార్పించడం తప్పనిసరి. డబ్బాలో మట్టం నిండుగా ఉందని ఊరుకోవద్దు, రంగు చూడండి. ప్యాడ్లు ఎంత మిగిలాయో చక్రం విప్పించి చూడండి. డ్రైవరు కాళ్ల దగ్గర మ్యాటు జారకుండా కొక్కేనికి తగిలించండి. నీళ్ల సీసా సీటు కింద పెట్టకండి, దిగుడులో దొర్లి పెడల్ కింద ఇరుక్కుంటుంది.

ఏడుగురి బండిలో ఏడుగురే. మనుషులు, వంట గిన్నెలు, గ్యాసు బండ, కుర్చీలు అన్నీ ఒకదానిలో కుక్కితే ఎక్కేటప్పుడు ఇంజిను ఏడుస్తుంది, అది మీకు వినిపిస్తుంది. దిగేటప్పుడు బ్రేకు ఏడిస్తే వినపడదు.

దిగేటప్పుడు

ఘాటీ తలమీద, మొదటి మలుపుకు ముందే గేరు తగ్గించండి. వేగం అందుకున్నాక తగ్గించాలని చూస్తే గేరు పడదు, చేతిలో న్యూట్రల్ మిగులుతుంది. ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగాలన్నది పాత డ్రైవర్ల లెక్క. ఇప్పటి ఇంజిన్లకు దానికంటే ఒకటి తక్కువే మంచిది. దేవమాలి మీద కొన్నిచోట్ల ఫస్టే. ఇంజిను గట్టిగా అరుస్తుంది, అరవనివ్వండి. ఆ అరుపే మిమ్మల్ని పట్టుకుని ఉన్నది.

బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకండి. గట్టిగా తొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదిలేయండి. వదిలినప్పుడే దానికి గాలి తగులుతుంది. క్లచ్ నొక్కిపెట్టి దిగడమూ న్యూట్రల్లో దిగడమే. ఇది చాలామందికి తెలియదు. మలుపు మలుపుకూ క్లచ్ మీద కాలు పెట్టుకుని, "నేను గేరులోనే ఉన్నాను గదా" అంటారు. కాలు కింద క్లచ్ ఉంటే గేరు ఉన్నా లేనట్టే.

ఆటోమేటిక్ బండి కొన్నవాళ్లు డీలో వదిలేసి కూర్చోవద్దు. ఎల్ గానీ, 2 గానీ, ఎస్ గానీ, ఎం దగ్గర మైనస్ గానీ మీ బండికి ఏదో ఒకటి ఉంటుంది. అదేమిటో ఇంటి దగ్గర చదునైన రోడ్డు మీదే నేర్చుకోండి. కరెంటు కార్లకు బండి ఊపును కరెంటుగా మార్చి బ్యాటరీలోకి పంపే బ్రేకింగు ఉంది, చాలా మంచిది. కానీ పైన నూటికి నూరు చార్జి చేసుకుని వెంటనే దిగితే ఆ బ్యాటరీలో చోటుండదు, ఆ బ్రేకింగు సరిగా పట్టదు. కొండపైన చార్జి పెడితే ఎనభై దగ్గర తీసేయండి.

ఇంజిను ఆపేసి దిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇంజిను ఆగితే మన తొక్కుడుకు బలం కలిపే బ్రేకు బూస్టరు రెండు మూడు తొక్కులకే ఖాళీ, తర్వాత పెడల్ రాయి. స్టీరింగు బరువెక్కుతుంది. తాళం చెవి పొరపాటున పూర్తిగా తిరిగితే స్టీరింగు లాకే పడిపోతుంది. చేయకండి. చేయనివ్వకండి.

మాడు వాసన వస్తే

వాసన వచ్చిందంటే బ్రేకు మీతో చివరిసారి మాట్లాడుతోంది. "ముందు బండిదేమో" అని అద్దాలు ఎక్కించుకోవద్దు. వెడల్పు ఉన్నచోట ఆపండి, గేరులో ఉంచండి, చక్రం కింద రాయి పెట్టండి. అరగంట ఆగండి. వేడి డిస్కు మీద నీళ్లు పోయవద్దు, వంకర పోతుంది, పగలొచ్చు కూడా. పిల్లలు బండికి ముందూ వెనకా నిలబడకుండా కొండ వైపు గట్టెక్కాలి.

బ్రేకు పోయిందా, చేయాల్సినవి ఇవి. పెడల్ గబగబా పదేపదే తొక్కు, కొంత పట్టు తిరిగి రావొచ్చు. గేరు ఒక్కొక్కటే కిందికి దించు. హ్యాండ్ బ్రేకు బొత్తాం నొక్కిపట్టి కొంచెం కొంచెంగా లాగు, ఒక్క గుంజున లాగితే వెనక చక్రాలు బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది. డబుల్ ఇండికేటర్లు వేసి హారను మోగిస్తూనే ఉండు. ఆగకపోతే కొండ వైపు గట్టుకు బండి పక్కను రాసుకుంటూ పో. బండి పోతే పోయింది. మావాడు చివరికి చేసింది ఇదే, అందుకే ఎనిమిది మందీ ఉన్నారు. ఇంజిను ఆపకు. న్యూట్రల్లో పెట్టకు.

ఇక మిగిలినవి

ఇరుకుచోట ఎక్కే బండికి దారి వదలాలి, దిగే బండే ఆగాలి, ఇది చట్టం కూడా. సుంకిలో లారీ వెనక దిగుతుంటే రెండు లారీల దూరం ఉంచు. విశాఖ వైపు పోయే లోడు లారీ దాని బ్రేకులతో అది పోరాడుతుంటుంది. మలుపులో ఓవర్‌టేక్ వద్దు. మలుపులో ఆగి ఫోటోలు వద్దు. పొగమంచులో హై బీమ్ వేయకు, తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడదు. డిప్పులో పెట్టి అద్దం కొంచెం దించి హారను విను. బ్రేకు పోయినప్పుడు తప్ప మామూలుగా నడుస్తున్న బండికి డబుల్ ఇండికేటర్లు వేస్తే ఎటు తిరుగుతావో వెనకవాడికి తెలియదు. వాగు దాటాక బ్రేకు రెండుసార్లు మెల్లగా తొక్కి ఆరబెట్టు. ఇంగ్లండులో వాగు దాటగానే 'ట్రై యువర్ బ్రేక్స్' అని బోర్డే పెడతారు. గెడ్డ రోడ్డు మీంచి పారుతుంటే దాటకు, ఒమన్‌లో పారే వాగులోకి బండి దింపితే కేసు పెడతారు. పొద్దున్న నాలుగింటికి లేచి సూర్యోదయం చూసొచ్చినవాడికి మధ్యాహ్నం భోజనమయ్యాక స్టీరింగు ఇవ్వకు. కొత్తగా లైసెన్సు వచ్చిన కుర్రాడు ఎక్కేటప్పుడు నడపనీ, దిగేటప్పుడు వద్దు. పక్క సీట్లో కూర్చున్నవాళ్లు నిద్రపోవద్దు, గేరు రాడ్ మీద కన్నేసి ఉంచండి. ఇంజిను చప్పుడు హఠాత్తుగా తగ్గితే "గేరు ఉందా?" అని అడగండి. భార్య అడిగిందని, తమ్ముడు అడిగాడని మొహం చిట్లించకు. న్యూట్రల్ వద్దు. అద్దె బండి డ్రైవరు న్యూట్రల్లో దింపుతుంటే ఆపించండి, డబ్బిచ్చింది మీరు. వినకపోతే దిగిపోండి. ఘాటీలో అన్నిచోట్లా సిగ్నలుండదు, 112, 108 అందకపోవచ్చు, అందుకని ఏ దారిన ఎన్నింటికి దిగుతున్నారో ఇంట్లో ఎవరికైనా ముందే చెప్పండి. చీకటిపడ్డాక సుంకి దగ్గర మంచు దిగి ముందున్న లారీ ఎర్రలైటు కనపడకపోతే వెనక్కి తిప్పేయండి. ఘాటీ పైనున్న సెమిలిగుడలో గది తీసుకుని పడుకోండి, పొద్దున్న ఎనిమిది దాటాక, ఎండ పడ్డాక, సెకండ్ గేరులో దిగండి.